కోడి కునుకుతోందంటే

తెల్లవారగానే గంప ఎత్తుతారు. లోపలున్న పెట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి ఉరుకుతాయి. రెక్కలు టపటపలాడించి, ఒళ్లు విదిల్చుకుని, చల్లిన నూకల మీద పడతాయి. పెరట్లో కోళ్లున్న ఇంట్లో ఇది రోజూ అరనిమిషంలో అయిపోయే పని. గంప ఎత్తిన చెయ్యి వెంటనే పొయ్యి దగ్గరికో, పాలగిన్నె దగ్గరికో వెళ్లిపోతుంది. అయితే ఏదో ఒక పొద్దున ఒక పెట్ట అన్నిటికంటే చివర బయటికొస్తుంది. నూకల దాకా నడుస్తుంది గానీ ముక్కు ఆనించదు. కాసేపటికి గోడ నీడకు చేరి, మెడ లోపలికి లాక్కుని, ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్లు మూసీ మూయకుండా నిలబడిపోతుంది.

"వదినా, మీ ఎర్రపెట్ట కునుకుతోందేంటి?" అని గోడ అవతలి నుంచి పక్కింటావిడ అడిగేసరికి మధ్యాహ్నమవుతుంది.

ఈ ప్రశ్నకు మన ఊళ్లల్లో ఎప్పటినుంచో వినిపించే జవాబులు రెండు. "ఎండకేమోలే" అన్నది ఒకటి. "రేపటిదాకా ఉండేలా లేదు, ఈ పూటే కోసేద్దాం" అన్నది రెండోది. మొదటి జవాబుతో ఆ ఒక్క కోడీ పోవచ్చు. రెండోదానితో ఒక్కోసారి వీధి వీధంతా పోతుంది. ఎందుకంటే కోసిన కోడి నెత్తురు, ఈకలు, పేగులు పెంటకుప్ప మీదికి వెళతాయి. వాటిని ముందుగా కెలికేది పక్కింటి కోళ్లే. సంతలో అమ్మేసినా అంతే. జబ్బు చేతులు మారి ఇంకో ఊరి గంపలోకి వెళుతుంది.

కోడి కునుకు మొదలైన గంటకూ అది నేలకొరిగే గంటకూ నడుమ దొరికే సమయం చాలా తక్కువ. కొన్ని జబ్బుల్లో ఒక్క పగలే. ఆ పగటిపూట ఏం చూడాలో, ఏం చెయ్యాలో, ఏది చెయ్యకూడదో తెలిసిన ఇంట్లో కోళ్లు మిగులుతాయి. ఇందులో పెద్ద చదువు అక్కర్లేని పనే ఎక్కువ. కావలసినవి చూపు, చెయ్యి, కొంచెం తీరిక.

ఇదేమీ చిన్న సంగతి కాదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్లూ బాతులూ వగైరా కలిపి 85 కోట్లకు పైగా ఉంటే, వాటిలో దాదాపు 31.7 కోట్లు పెరళ్లలో పెరిగేవి. 2012 గణనతో పోలిస్తే పెరటి కోళ్లు 46 శాతం దాకా పెరిగాయి. నాటుకోళ్లకు తోడు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు కూడా ఇప్పుడు ఊరి పెరళ్లలో తిరుగుతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతి కింద పెరిగేవే. పిల్లవాడి నోటుపుస్తకాలకో, ఆసుపత్రికి ఆటో ఖర్చుకో ఇంట్లో ఎవరినీ అడగాల్సిన పని లేకుండా చేసే డబ్బు గుడ్ల మీద, పుంజుల మీద వస్తుంది. ఎనిమిది కోళ్లలో ఏడు ఒక్క వారంలో పోతే ఆ ఇల్లాలికి పోయేది ఆ డబ్బు. ఆ నష్టం ఎవరి లెక్కల్లోకీ ఎక్కదు.

జబ్బు దాచే ప్రాణి

కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. పిల్లి, కుక్క, ముంగిస, గద్ద అన్నిటి కన్నూ దాని మీదే కాబట్టి, నీరసం బయటపడిన కోడి ముందుగా చిక్కుతుంది. సొంత మందలోనూ దానికి దయ దొరకదు. కోళ్లలో ఏది దేన్ని పొడవాలో, దేనికి దారివ్వాలో ఒక వరుస ఉంటుందని 1921లో నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే రాశాడు. చిన్నప్పటి నుంచి ఇంటి కోళ్లను గమనిస్తూ, నోటుపుస్తకంలో రాసుకుంటూ కనిపెట్టిన సంగతి అది. ఆ వరుసలో పైనున్న పెట్ట నీరసపడితే కిందివి దాన్ని పొడవడం మొదలెడతాయి. అందుకే ఒంట్లో బాగోని కోడి కూడా మిగతావాటితో పాటు మేత దగ్గరికి వస్తుంది, వంగుతుంది, ముక్కు ఆడిస్తుంది. మింగదు. దూరం నుంచి చూసేవాళ్లకు అది తింటున్నట్టే ఉంటుంది.

కాబట్టి జబ్బు గుర్తుపట్టాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న కోడి ఎలా ఉంటుందో కంటికి అలవాటవ్వాలి. ఏ పెట్ట ముందు దూకుతుంది, ఏది అందరికంటే ఎక్కువ అరుస్తుంది, ఏది రోజూ బూడిదకుప్పలో పొర్లుతుంది అన్నది రోజూ చూసేవాళ్లకే తెలుస్తుంది. ముందు దూకే పెట్ట ఒక రోజు వెనక పడితే, అదే మొదటి గుర్తు. ఈ గుర్తు ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆ ఇంటి మనిషికే కనిపిస్తుంది.

తల మీది తురాయి ఎర్రగా, నిండుగా ఉండాలి. అది పాలిపోతే రక్తం తగ్గిందని అనుమానించాలి. పేలు, పురుగులు, లోపలి నట్టలు, గుడ్లు మానడం, ఏదైనా కావచ్చు. నీలంగానో, నల్లగానో మారితే ఊపిరి, గుండె ఇబ్బందిలో ఉన్నాయని అర్థం. అది ప్రమాదమే. కన్ను గుండ్రంగా, మెరుస్తూ ఉండాలి. కంట్లో నురగ, ముఖం ఒక పక్క వాపు, ముక్కు నుంచి నీరు కనిపిస్తే శ్వాసకోశ జబ్బు. ఆ ముక్కునీరు కంపు కొడుతుంటే అది అంటుకునే జలుబు అయ్యే అవకాశం ఎక్కువ. శ్వాస సంగతి పగటి కంటే రాత్రి బాగా తెలుస్తుంది. కోళ్లు గూట్లో సర్దుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక రెండు నిమిషాలు చెవి పెట్టి వింటే తుమ్ము, గురక, గొంతులో గరగర అన్నీ వినిపిస్తాయి.

చేతికి తెలిసేది

చూపు తర్వాత చెయ్యి. చీకటి పడ్డాక కోడి పెద్దగా గింజుకోదు, పట్టుకోవడం తేలిక. చంకలో పెట్టుకుని ముందు రొమ్ము ఎముకను తడమాలి. దానికి రెండు వైపులా కండ నిండుగా తగలాలి. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే ఆ కోడి వారాల తరబడి చిక్కిపోతోందన్నమాట, ఈకల చాటున కనిపించలేదంతే. తర్వాత మెడ కింద, రొమ్ముకు పైన ఉండే మేత తిత్తి. సాయంత్రం అది నిండుగా ఉండాలి, పొద్దున ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా రాయిలా గట్టిగా ఉంటే పీచో, గడ్డో, ప్లాస్టిక్ ముక్కో అడ్డుపడి ఉండొచ్చు. నీళ్ల సంచిలా మెత్తగా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే లోపల మేత పులిసిపోయింది. తోక కింద, రెట్ట వేసే చోట ఈకలు అంటుకుపోయి ఉన్నాయేమో చూడాలి. అక్కడి ఈకల మొదళ్లలోనే పేలు గుడ్లు పెడతాయి.

ఒంటిని ముట్టుకుని "జ్వరంగా ఉంది" అనడం చాలామందికి అలవాటు. కోడి మామూలు ఒంటివేడే దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. మనిషికి అంత వేడి ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందువల్ల అరచెయ్యి చెప్పే జ్వరాన్ని నమ్మడానికి లేదు.

తడిమి చూసే ఈ అలవాటుకు ఎంత విలువుందో చెప్పే ఘటన ఒకటి వైద్య చరిత్రలో ఉంది. 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థకు ఒక ప్లిమత్ రాక్ పెట్టను తీసుకొచ్చారు. దాని రొమ్ము మీద గడ్డ ఉంది. పేటన్ రౌస్ అనే యువ శాస్త్రవేత్త ఆ గడ్డను పరీక్షించి, దాన్ని కలిగించే కారకం కణాలను వడగట్టేసిన ద్రవంలోనూ మిగులుతోందని 1911లో నిరూపించాడు. వైరస్ వల్ల క్యాన్సర్ గడ్డ వస్తుందని తెలిసింది అక్కడే. 1966లో, 87వ ఏట, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక పెట్ట రొమ్ము మీది గడ్డను ఎవరో గమనించడంతో మొదలైన కథ అది.

రెట్ట మీద చూపు

పెరట్లో అందరూ చీపురుతో ఊడ్చి పారేసేది రెట్ట. కోడి ఒంటి సంగతి దానికంటే బాగా చెప్పేది మరొకటి లేదు. మామూలు రెట్ట గట్టిగా, గోధుమ రంగుకో ఆకుపచ్చకో మొగ్గుతూ, పైన తెల్లటి మూతతో ఉంటుంది. కోడికి మూత్రం వేరుగా రాదు, ఆ తెలుపే దాని మూత్రం. రోజులో కొన్నిసార్లు ముదురు గోధుమ రంగులో జిగటగా, కంపు కొట్టే రెట్ట కూడా వస్తుంది. చివరి పేగు సంచుల నుంచి వచ్చేది కాబట్టి అలా ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నీళ్లు ఎక్కువ తాగి పల్చగా వెయ్యడమూ మామూలే.

మెరిసే ఆకుపచ్చ రెట్ట చూస్తే మాత్రం ఆగాలి. తిండి మానేసిన కోడి కడుపులో పైత్యరసం ఒక్కటే మిగిలి అలా బయటికి వస్తుంది. పచ్చగా, తెల్లగా కలిసి నీళ్లలా వస్తుంటే కొక్కెర తెగులును మొదట అనుమానించాలి. సున్నంలా తెల్లటి రెట్ట పిల్లల తోక కింద అంటుకుని గట్టిపడిపోతుంటే అది పసిపిల్లలను చంపే తెల్ల పారుడు కావచ్చు. మూడు వారాల నుంచి ఆరు వారాల వయసు పిల్లల్లో రెట్టలో నెత్తురు కనిపిస్తే రక్తపారుడు. వానాకాలంలో గూట్లో పరిచిన ఊక తడిసి ముద్దయినప్పుడే ఇది విజృంభిస్తుంది. రెట్టతో బయటపడే దీని క్రిమి తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో పిల్లకు అంటుకునేలా తయారవుతుంది. మందు ఉంది, డాక్టరు చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి ఇస్తే పిల్లలు బతుకుతాయి. కానీ ఊక పొడిగా ఉన్న గూట్లో మందు అవసరమే చాలా తక్కువగా వస్తుంది.

గుడ్డు కూడా రెట్టలాగే లోపలి సంగతి చెబుతుంది. కోడి లోపల గుడ్డు తయారవడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది, అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే. ఆ పెంకులో సుమారు 95 శాతం సున్నపు పదార్థమే. వరసగా తోలుగుడ్లు పెడుతుంటే సున్నం చాలడం లేదనో, ఎండ దెబ్బ తగిలిందనో, శ్వాసకోశ జబ్బు ఏదో దాటిపోయిందనో అనుకోవాలి. గుడ్డు లోపల ఇరుక్కున్న పెట్ట అయితే నిటారుగా నిలబడి, తోక కిందికీ పైకీ ఆడిస్తూ, పదేపదే గూటికి వెళ్లి వస్తూ ముక్కుతుంది. గోరువెచ్చని నీళ్ల బేసిన్లో దాని వెనక భాగం ఒక పావుగంట మునిగేలా ఉంచి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదిలితే చాలాసార్లు గుడ్డు జారిపోతుంది. వేలు పెట్టి లాగకూడదు, లోపల గుడ్డు పగిలితే పెట్ట దక్కదు. ఒక రోజు దాటినా రాకపోతే పశువైద్యుడే చూడాలి.

జబ్బులా కనిపించి జబ్బు కానివీ ఉన్నాయి. ఏడాదికోసారి పెట్ట ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. ఆ వారాల్లో గుడ్లు ఆపేస్తుంది, తురాయి పాలిపోతుంది, ముట్టుకుంటే గింజుకుంటుంది. పొదుగుకొచ్చిన పెట్ట గంపలోంచి లేవదు, ఒళ్లంతా ఉబ్బించుకుంటుంది, మేతకు రోజుకోసారి వస్తుంది, పెద్ద రెట్ట ఒకటి వేసి మళ్లీ వెళ్లిపోతుంది. కొత్తగా పెంచేవాళ్లు దీన్ని చూసి భయపడతారు. తేడా చెప్పేది దాని కన్నే. పొదుగు కోడి దగ్గరికి చెయ్యి పెడితే కళ్లు పెద్దవి చేసి గుర్రుమంటుంది, పొడుస్తుంది. జబ్బుకోడి చెయ్యి పెట్టినా కదలదు.

కొక్కెర తెగులు

పెరటి కోళ్ల పాలిట అన్నిటికంటే పెద్ద మృత్యువు ఇదే. 1926లో జావాలోనూ, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గరా దీన్ని మొదట గుర్తించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే మన దేశంలో కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించడంతో ఇక్కడ ఆ ఊరి పేరే స్థిరపడింది. ఊపిరి అందక మెడ చాచి, ముక్కు తెరిచి పీల్చడం, పచ్చటి నీళ్ల రెట్ట, రెక్కలు వాల్చడం మొదటి రెండు రోజుల గుర్తులు. వాటిని తట్టుకుని బతికిన కొన్నిటికి తర్వాత మెడ మెలి తిరిగిపోతుంది. తల వెనక్కో పక్కకో తిప్పుకుని గిరగిరా తిరిగే కోడిని చూడడం చాలా కష్టంగా ఉంటుంది. టీకా వెయ్యని మందలో పదింటికి ఎనిమిదీ తొమ్మిదీ పోవడం కూడా ఉంది.

ఇది వైరస్. దీనికి చికిత్స లేదు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే తెగులు వచ్చినప్పుడల్లా మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్ మాత్ర సగం విరిచి కోడి నోట్లో వేసే అలవాటు ఊరూరా ఉంది. ఆ మాత్ర వైరస్‌ను ఏమీ చెయ్యదు. పైగా దాని అవశేషం గుడ్డులోకి వెళుతుంది, ఆ గుడ్డు ఇంట్లో పసిపిల్లలే తింటారు. మనుషుల ప్రాణాలు కాపాడే చివరి మందుల్లో ఒకటైన కొలిస్టిన్‌ను తిండి కోసం పెంచే జంతువులకు వాడకుండా కేంద్రం 2019 జులైలో నిషేధించింది కూడా మందులకు లొంగని క్రిములు పుట్టుకొస్తాయన్న భయంతోనే. పసుపు, వెల్లుల్లి పెడితే తప్పులేదు. కానీ వాటిని పెట్టి తెగులు తగ్గుతుందని ఎదురు చూస్తూ మూడు రోజులు గడిపేస్తే, ఆ మూడు రోజుల్లో మిగతా మంద కూడా అంటించుకుంటుంది.

ఉన్న దారి టీకా. పుట్టిన మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారం ప్రాంతంలో మరోసారి, ఎనిమిదో వారం దాటాక ఆర్‌2బి సూది. ఆర్‌2బి అన్నది ముక్తేశ్వర్‌లోని పశు పరిశోధన సంస్థలో పుట్టిన రకం. రాణిఖేత్ కొండలకు అదీ దగ్గరే. జబ్బుకు పేరిచ్చిన ప్రాంతమే దానికి అడ్డుకట్టనూ ఇచ్చింది.

మిగతా జబ్బుల్లో కొన్ని ఇంత భయంకరం కాదు. ఊళ్లో 'అమ్మవారు' అనే కోళ్ల మశూచి దోమల వల్ల వ్యాపిస్తుంది. తురాయి మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులు కట్టి మూడు నాలుగు వారాల్లో రాలిపోతాయి. గొంతులో పొర కట్టే రకమే ప్రాణం మీదికి తెస్తుంది. కళ్లు మూసుకుపోయిన కోడికి మేత కనిపించదు కాబట్టి చేత్తో తినిపించి నీళ్లు పట్టిస్తే చాలావరకు గట్టెక్కుతుంది. ఇక కోళ్ల కలరా. లూయీ పాశ్చర్ 1879లో దీని మీద పనిచేస్తుండగా, పాతబడిన క్రిములను ఎక్కించిన కోళ్లు చావలేదు, ఆ తర్వాత తాజా క్రిములనూ తట్టుకున్నాయి. ప్రయోగశాలలో బలం తగ్గించిన క్రిమితో టీకా చెయ్యొచ్చన్న ఆలోచన కోళ్ల మీదే రుజువైంది.

బటేవియా వంటవాడు

కాళ్లు పట్టు తప్పిన కోడి ముందు ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే కారణాలు చాలా. రెండు నుంచి ఐదు నెలల పెయ్య పెట్ట ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోతే అది మారెక్స్ జబ్బు. వేళ్లు లోపలికి ముడుచుకుంటే విటమిన్ లోపం. ఒక్క కాలే కుంటుతుంటే ముందుగా అరికాలు తిప్పి చూడాలి, తుమ్మముల్లు దిగి చీము పట్టి ఉండొచ్చు.

ఈ వరసలో తిండి సంగతి చెప్పాలంటే బటేవియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, వెళ్లాలి. 1890 ప్రాంతంలో డచ్ సైనిక వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ అక్కడ బెరిబెరి జబ్బుకు క్రిమి ఏదో ఉందని వెతుకుతున్నాడు. ప్రయోగాలకు పెంచుతున్న కోళ్లన్నీ, ఏమీ ఎక్కించనివి కూడా, తూలడం మొదలెట్టాయి. కాళ్లు నిలవవు, తల నిలవదు. కొన్ని నెలలకు ఎవరూ ఏ మందూ ఇవ్వకుండానే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, కోళ్లను చూసే పనివాడు సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తెచ్చి వేస్తున్నాడు. వంటవాడు మారాడు. సైన్యం బియ్యం బయటి కోళ్లకు పెట్టనన్నాడు కొత్తవాడు. దాంతో పనివాడు మళ్లీ పొట్టు తియ్యని బియ్యం వెయ్యక తప్పలేదు, కోళ్లు లేచి తిరిగాయి. బియ్యం పైపొరలో ఉన్నదేమిటో తర్వాతి కాలం బి1 విటమిన్ అని పేరు పెట్టింది. 1929లో ఐక్మన్‌కు నోబెల్ వచ్చింది.

తెలుగు ఇళ్లకు ఈ కథ దూరమైంది కాదు. బాగా పాలిష్ పట్టిన బియ్యం అన్నమే మన వంటింట్లో మిగిలేది, అదే కోళ్లకూ పడేది. తిరిగి ఏరుకునే జాగా ఉన్న కోడికి పురుగులు, ఆకులు, గడ్డి గింజలు దొరుకుతాయి కాబట్టి ఇబ్బంది రాదు. పట్నంలో డాబా మీద, సిమెంటు వాకిట్లో పెంచే కోళ్లకే ఇది వచ్చిపడుతుంది. గుప్పెడు తవుడు, కాస్త ఆకుకూర వాటికి మందుతో సమానం. అలాగే బూజు పట్టిన మొక్కజొన్న, పాతబడిన వేరుశనగ చెక్క మనం తినలేం గనక కోళ్లకు వెయ్యడం మానుకోవాలి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు విషమని తేలింది. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలు ఇంకా ప్రమాదం. పొద్దున చురుగ్గా తిరిగిన నాలుగైదు కోళ్లు కడుపు నిండా మేతతో ఒకేసారి వణికి పడిపోతే, తెగులు కంటే ముందు విషాన్ని అనుమానించాలి.

గంప వేరు చెయ్యడం

కునుకుతున్న కోడి కనిపించగానే చెయ్యాల్సిన మొదటి పని దాన్ని వేరు చెయ్యడం. ఇంటికి ఇంకో చివర, గాలి తగిలే నీడలో వేరే గంప, వేరే నీళ్ల మూకుడు. రోజూ ముందు ఆరోగ్యంగా ఉన్న వాటికి మేత వేసి, చివరగా దీని దగ్గరికి వెళ్లాలి. వచ్చాక చేతులు సబ్బుతో కడగాలి, చెప్పులు కూడా. ఒకే మనిషి ఒకే చేత్తో రెండు చోట్లా తిరిగితే వేరు చేసి లాభం లేదు. వానాకాలం, చలికాలం అయితే గంప కింద పొడి ఊక వేసి గోనెపట్టా కప్పాలి. జబ్బుకోడి ఉబ్బేది వెచ్చదనం కోసమే.

ఎండాకాలం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కోడికి చెమట పట్టదు. ముక్కు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకోవడం తప్ప దానికి వేడి దించుకునే పెద్ద దారి లేదు. మే నెల మధ్యాహ్నం అలా పడిపోయిన కోడిని నీడకు చేర్చి, కాళ్లనూ తురాయినీ చల్లని నీళ్లతో తడపాలి. ఐసు నీళ్లలో ముంచితే ఆ దెబ్బకే పోవచ్చు. లవణాల పొడి కలిపిన నీళ్లు ముక్కు అంచున చుక్కచుక్కగా పట్టించాలి. మెడ పైకెత్తి నోట్లో పోస్తే నీళ్లు ఊపిరిగొట్టంలోకి వెళతాయి. మంచి ఉద్దేశంతోనే ఇలా చంపుకున్న కోళ్లు లెక్కలేనన్ని.

మిగతా కోళ్ల గూడు ఆ రోజే ఊడ్చి, ఊక మార్చి, నీళ్ల గిన్నెలు తోమి ఎండలో పెట్టాలి. గూటి పగుళ్లలో రాత్రిపూట టార్చి వేసి చూస్తే నెత్తురు తాగే గోమార్లు, ఎర్ర పురుగులు కనిపిస్తాయి. అవి పగలు పగుళ్లలో దాక్కుంటాయి, రాత్రి కోడి మీదికి పాకుతాయి. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. సంత నుంచి, చుట్టాలింటి నుంచి కొత్త కోడి వచ్చినా దాన్ని రెండు మూడు వారాలు విడిగానే ఉంచాలి. సంక్రాంతి ముందు పుంజులు ఊళ్లు మారే రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

ఫోన్ చెయ్యాల్సిన రోజు

ఒక్క కోడి కునికితే ఇంట్లో చూసుకోవచ్చు. రెండు రోజుల్లో రెండు మూడు చనిపోతే అప్పుడు ఆ జబ్బు ఇంటిది కాదు, ఊరిది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, మండల పశువైద్యశాల ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఊళ్లోనే పశుసంవర్ధక సహాయకులున్నారు. చాలామంది కోడి కోసం డాక్టరును పిలవడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం వద్దు. డాక్టరుకు కావలసింది ఆ ఒక్క కోడి సంగతే కాదు, దాని వెనక ఉన్న వంద కోళ్ల సంగతి కూడా. అప్పుడే చనిపోయిన కోడిని పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి, ఐసు ముక్కల మీద పెట్టి అందజేస్తే ప్రయోగశాలలో జబ్బు తేల్చుకోవడానికి వీలుంటుంది.

బర్డ్ ఫ్లూ ఉన్న ఈ కాలంలో ఆ ఫోన్ మరింత అవసరం. మన దేశంలో అది మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లోనూ, 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి ప్రాంతంలోని వేల్పూరు, కానూరు పరిసరాల్లోనూ నిర్ధారణ అయింది. తల, ముఖం వాచిపోవడం, తురాయి నీలంగా మారడం, కాళ్ల చర్మం కింద నెత్తురు మచ్చలు, కొన్నిసార్లు ఏ గుర్తూ లేకుండానే టపటపా రాలిపోవడం దీని తీరు. జబ్బు తేలిన చోటికి కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చి, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. వధించిన కోళ్లకు పరిహారం ఉంటుంది. పరిహారం సంగతి తెలియని ఇల్లాలు కోళ్లను దాచేస్తుంది, లేదా రాత్రికి రాత్రి అమ్మేస్తుంది. ఆమెను తప్పు పట్టే ముందు ఆ సంగతి ఆమెకు ఎవరైనా వచ్చి చెప్పారా అని అడగాలి.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ ఈ వైరస్ సోకి మరణించింది. పచ్చి కోడిమాంసం నోట్లో పెట్టుకుందని వైద్యాధికారులు చెప్పారు. బాగా ఉడికిన మాంసంతో, గుడ్డుతో భయం లేదు, 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ నిలవదు. భయపడాల్సింది జబ్బుకోడిని కొయ్యడం, ఈకలు పీకడం, పేగులు తియ్యడం దగ్గర, ఆ పక్కనే ఆడుకునే పిల్లల దగ్గర. ఉన్నట్టుండి చనిపోయిన కోడిని వట్టి చేతులతో ముట్టుకోకూడదు, కోసి చూడకూడదు, కాలువలో పడెయ్యకూడదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, కుక్కలు తవ్వలేనంతగా పూడ్చాలి.

కొక్కెర తెగులు టీకా విషయంలో పెరటి కోళ్లకు ఒక చిక్కుంది. మందు సీసా వంద, ఆపైన మోతాదులతో వస్తుంది, చల్లగా ఉండాలి, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. ఎనిమిది కోళ్ల కోసం సీసా విప్పడానికి ఎవరికీ మనసొప్పదు. వేడిని కొంత తట్టుకునే ఐ-2 రకం టీకాను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం తయారుచేస్తే, మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో శిక్షణ పొందిన ఊరివాళ్లే ఇల్లిల్లూ తిరిగి కోళ్ల కళ్లల్లో చుక్కలు వేశారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. మన దగ్గర వాడేది వేరే రకమైనా పద్ధతి అదే పనికొస్తుంది. పొదుపు సంఘంలో పదిమంది ఒక తేదీ అనుకుని, పశువైద్యశాలకు ముందే చెబితే ఒక సీసా ఒక వీధికి సరిపోతుంది.

దానికి సరైన వేళ సాయంత్రం దీపాలు పెట్టేటప్పుడు. కోళ్లన్నీ గంపల కిందికి చేరి ఉంటాయి. ఒకరు టార్చి పట్టుకుంటే, ఒకరు కోడిని పట్టుకుంటే, మూడో మనిషి ఐసుడబ్బాలోంచి సీసా తీస్తుంది. ఒక్కో కోడికి అరనిమిషం. చంకలో ఉండగానే రొమ్ము ఎముక తడమొచ్చు, తోక కింద చూడొచ్చు. ఒంట్లో బాగోని కోడికి మాత్రం ఆ రోజు టీకా వెయ్యరు. ఇంటి ఆ చివర గోనెపట్టా కప్పిన గంప కింద అది విడిగానే ఉంటుంది. మిగతావాటి పని అయ్యాక, చివరగా దాని నీళ్ల మూకుడు మార్చి, చేతులు కడుక్కుని లోపలికి వెళతారు.